రెండు మిల్లులకు ఒకే ఇనప జాలీ

ఆస్తుల లెక్కింపు అధికారి గారికి,
కరిసల్ రైతుల పప్పు మిల్లుల సంఘం, విరుదునగర్.
(ప్రస్తుత మకాం: కోవిల్‌పట్టి)

అయ్యా,

విషయం: తమరు వేసిన లెక్కింపు ప్లాను తప్పు అనియు, కోవిల్‌పట్టి, విరుదునగర్ మిల్లుల సామాన్లు ఒకే రోజు ఒకే గంటలో లెక్కపెట్టవలెననియు.

నా పేరు బొమ్మక్క. కోవిల్‌పట్టి మిల్లులో పప్పు జల్లించే పని. పోయిన వానల్లో అదే మిల్లులో, పప్పు పగలగొట్టే మిషను బెల్టులో చీర చిక్కుకొని చనిపోయిన సరణ్య నా కూతురు. తమరికి తెలుగు చదవడం వచ్చునని ఆఫీసులో పనిచేసే ఉషా చెప్పింది. నేను చిన్నప్పుడు తెలుగు బడికి కొన్నాళ్లు పోయినాను. అరవంలో రాయించాలంటే మేనేజరు మనుషుల కాళ్లే పట్టుకోవాలి. అందుకని ఇలా.

1. గేటుకు అంటించిన నోటీసు ప్రకారం సోమవారం ఇక్కడ లెక్క, బుధవారం విరుదునగర్‌లో లెక్క. నడుమ మంగళవారం ఎందుకు వదిలినారో తమరికి తెలియకపోవచ్చును. మాకు తెలుసు. అది వ్యాను తిరిగే రోజు.

2. బెల్టును మూసే ఇనప జాలీ మిల్లుకొకటి ఉన్నట్టు తమ లెక్కలో ఉంది. ఉన్నది ఒకటే. అది విరుదునగర్‌ది. పోయిన ఏడాది లెక్కకు దాన్ని మిరపకాయ మూటల నడుమ తెచ్చి ఇక్కడ బిగించినారు. దొంగతనంగా కాదు, మా అందరి ముందరే. ఫోర్‌మన్ అళగర్‌సామి, "నిదానంగా దించురా, గీత పడితే విరుదునగరోళ్లు ఒప్పుకోరు" అన్నాడు. వ్యాను నడిపే సెల్వకుమార్ నవ్వి, "పెండ్లికి ఎరువు తెచ్చిన నగ మాదిరి ఉండాది అన్నా. తాళి కట్టంగానే తిరిగిచ్చేయాల" అన్నాడు. అధికారులు దాని మీద సుద్దముక్కతో నంబరు వేయించినారు. మర్నాడు తడిగుడ్డతో తుడిచి వ్యాను ఎక్కించినారు.

3. ఆ అధికారులు ఆఫీసు గది దాటి రాలేదు. ఫోర్‌మన్ పేర్లు చదువుతుంటే కూర్చొని టిక్కులు పెట్టినారు. వారికి వడలు తెచ్చిచ్చింది సరణ్యే.

4. బిడ్డ పోయినాక నేను మేనేజరు లక్ష్మణసామి దగ్గరికి పోయి జాలీ ఎక్కడ అని అడిగినాను. "లెక్కలో జాలీ ఉండాదే బొమ్మక్కా. ఆఫీసరు సంతకం ఉండాది. నీ కూతురే ఊడదీసి ఉంటుంది. చీర కూడా సరిగ్గా చెక్కుకోలేదు" అన్నాడు. పోలీసులకూ ఆ సంతకమే చూపించినాడు. నా బిడ్డకు చీర కట్టడం నేర్పింది నేను. పనికి పోయేముందు కొంగు నడుముకు చుట్టి దోపుకునేది. దాని చీర గురించి మీలో ఎవరూ మాట్లాడవద్దు.

5. ఇప్పుడు అదే మిషను దగ్గర ముత్తుమారి అనే పిల్లను నిలబెట్టినారు. బెల్టు అట్లాగే తెరిచి తిరుగుతోంది. జాగ్రత్త అంటే నవ్వుతుంది. సరణ్య కూడా నవ్వేది.

కావున తమరు చేయవలసినది. రెండు ఊళ్లకూ రెండు జట్లను ఒకేసారి పంపవలెను. లెక్క అయ్యేదాకా గేటు దాటి వ్యాను పోరాదు. సుద్దముక్క పనికిరాదు. నంబరు ఇనుములో దిగేటట్టు ఉలితో కొట్టవలెను. జాలీ లేని మిల్లులో లేదని రాయవలెను. పోయినసారి కూడా లేదని రాసి ఇవ్వవలెను. తమరు కుర్చీలో కూర్చొని లెక్కపెడితే నేను ఆ కుర్చీ ముందే నిలబడతాను. కాగితాలు తెచ్చి బతిమాలే రోజులు నాకు అయిపోయినవి.

ఇదంతా చిత్తగించవలెను. చిత్తగించడం కుదరదంటే ఎందుకు కుదరదో సంతకం పెట్టి ఇవ్వవలెను.

ఇట్లు,
తమకు విధేయురాలిగా ఇక ఉండలేని
బొమ్మక్క

మరొక మాట: ఇది మడిచేలోపల సెల్వకుమార్ వ్యాను వచ్చింది. జాలీ దించినారు, ఇక్కడ బిగిస్తున్నారు. అంటే విరుదునగర్‌లో బెల్టు ఇప్పుడు తెరిచి ఉంది. అక్కడ మిషను ఆపినారా అని అడిగితే, "ఎవురు ఆపుతారు అత్తా, ఆడ మూటలు కాసుకోనుండాయి" అన్నాడు. అక్కడ నిలబడిన పిల్ల ఎవరో నాకు తెలియదు. ఉషాను ఇప్పుడే నీ దగ్గరికి పరిగెత్తిస్తున్నాను. పైన రాసిందంతా తరువాత చదువుకో సామీ. ముందు ఫోను చేసి ఆ మిషను ఆపించు.