అమ్మ కాలు, నా నౌకరి

మెట్టుగూడ, 1949, సోమవారం రాత్రి

పెరట్లో జారిపడి అమ్మ తుంటి ఎముక విరిగి నేటికి పది రోజులు. మూడు నెలలు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. పగలు చూసుకునే మనిషిని పెడితే నా టీచరు జీతమంతా ఆమెకే పోతుంది. అందుకే సాయంత్రం రాజీనామా రాసి అమ్మకు వినిపించాను.

“కాలు ఇరిగింది నాది. నీ నౌకరి ఎందుకు ఇరగాలె?” అంటూ అమ్మ కాగితం గుంజుకుంది.

అప్పుడే పక్కింటి ఫాతిమా ఆపా జావ తెచ్చింది. సంగతి విని నన్నే కసిరింది.

“పగలంత నేనుంట బిడ్డా, నువ్వు బడికి పో. పోలీస్ యాక్షన్ అప్పుడు మా మీద దాడులైతుంటె నెల దినాలు మమ్మల్ని ఇంట్ల దాసిన మీ అమ్మ పైసలడిగిందా?”

అమ్మ గెలిచినట్టు నవ్వింది.

రేపు బడికి వెళ్తాను. అమ్మ మళ్లీ నడుస్తుందో లేదో డాక్టరును అడిగే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు…