నాలుగో స్థానంలో గ్రెబ్

8 జూన్ 2025, ఆదివారం

ప్రవీణ ఫోన్ చేసింది. డిగ్రీలో నా బెంచ్‌మేట్. ఇప్పుడు హైదరాబాద్‌లో స్పోర్ట్స్ యూట్యూబ్ ఛానల్ నడుపుతోంది. క్రికెట్ మీద ఏదో రాయమంటుందనుకున్నాను. మిడిల్ వెయిట్ బాక్సర్లలో ఆల్ టైమ్ టాప్ టెన్ కావాలంది. పన్నెండు నిమిషాల స్క్రిప్ట్, మూడు వారాల టైమ్. బాక్సింగ్ గురించి నాకు ఏమీ తెలియదన్నాను. గందుకే నీకిస్తున్నా, తెల్వదంటే నువ్వు కూసొని చదువుతవు, తెల్సినోళ్లు చదువరు అంది.

బాపుకు చెప్పాను. మిడిల్ వెయిట్ అంటే ఏందన్నాడు. నేను నోరు తెరిచేలోపే తనే తప్పు పట్టాడు. వెయిట్లు బీముకు రెండు అంచులకే కడ్తరు బిడ్డా, నడుమ ఎవడు కడ్తడు, పోగులన్ని తెగుతయి, నీకెవలో ఉల్టా చెప్పిన్రు అన్నాడు. కోరుట్లకు రాకముందు బాపు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. అది మానేసి పంతొమ్మిదేళ్లయినా, వెయిట్ అంటే ఆయనకు ఇంకా నూలు చుట్టే బీముకు వేలాడే ఇనుప ముద్దే. మనుషుల బరువు, డెబ్బై రెండున్నర కిలోల లోపు అని చెప్పాను. గంతేనా, బీము గూడ గంతకంటె ఎక్కువుంటది అన్నాడు. అమ్మ బీడీలు చుట్టడం ఆపి, చాట ఒళ్లోంచి దించి మరీ నవ్వింది.

11 జూన్, బుధవారం

నియమాలు రాసుకున్నాను. మొదటిది: రింగ్‌లో జరిగిందే లెక్క. బయటి సంగతులు లెక్కలోకి రావు.

ఒకటి, షుగర్ రే రాబిన్సన్. ఈ బరువులో ఐదుసార్లు టైటిల్ గెలిచాడు. రెండు, కార్లోస్ మోంజోన్. పద్నాలుగుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. మూడు, హాగ్లర్. నాలుగు, హ్యారీ గ్రెబ్. గ్రెబ్‌ను పైన పెట్టాలని చాలామంది అంటున్నారు. మూడు వందలకు దగ్గరగా ఫైట్లు చేశాడు. వాటిలో ఒక్కదానికీ ఫిల్మ్ లేదు. ఎవరూ చూడలేని మనిషిని ఒకటో నంబర్‌లో ఎలా పెడతాం. నాలుగు చాలు.

ఇవాళ ఇంకో మంచి సంగతి. రేపు మా స్కూల్ తెరుస్తున్నారు, కథలాపూర్ రూటు బస్సుకు డ్రైవర్ లేడు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ప్రిన్సిపాల్ హేమలత మేడం స్టాఫ్‌రూమ్‌కు వచ్చి అడిగింది. మా బాపు ఉన్నాడన్నాను. మస్కట్‌లో పదకొండేళ్లు కంపెనీ బస్సు నడిపాడు, ఒక్క గీత పడలేదు అన్నాను. మేడం సంతోషించింది. లైసెన్స్ రెన్యువల్, కళ్ల సర్టిఫికెట్ తెమ్మంది. కళ్ల పరీక్ష జగిత్యాలలో, ఇరవై ఆరున.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. బిడ్డా, అప్పుడు నువ్వు చెప్పిన ఇంగ్లీష్ అక్షరాలు మళ్లొకసారి చెప్తవా, సగం మర్చిపోయిన అన్నాడు.

నాకు ఎంత సంతోషమైందో రాయలేను. మూడో తరగతిలో ఉన్నప్పుడు, బాపు మస్కట్ పోయే ముందు, ఒక కాగితం తెచ్చి ఇవి నేర్పమన్నాడు. ఇ. ఎఫ్ పి. టి ఓ జెడ్. ఎల్ పి ఇ డి. అలా ఏడు వరసలు. ఎ బి సి నుంచి మొదలుపెడదామన్నాను. ఏబీసీలు అందరికి అస్తయి, నాకు గివే కావాలె అన్నాడు. కంపెనీ పేరేమో అనుకున్నాను. తప్పు చెబితే స్కేలుతో అరచేతి మీద కొట్టేదాన్ని. రోజూ చెయ్యి చాపేవాడు.

మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. నా మొదటి స్టూడెంట్ మా బాపు. స్కూల్ ఇంటర్వ్యూలో టీచర్ ఎందుకు కావాలనుకున్నావు అంటే ఈ సంగతే చెప్పాను. చదువుకున్నవా అని బాపును ఎవరడిగినా లేదనడు. నా బిడ్డ నేర్పింది, ఇంగ్లీష్ అక్షరాలస్తయి అంటాడు. చదువు రాదు అన్న మాట ఆయన నోటి నుంచి నేను ఇప్పటిదాకా వినలేదు.

14 జూన్, శనివారం

మోంజోన్ భార్యను చంపి జైలుకు పోయాడు. నా లిస్టులో రెండో నంబర్. నియమం పెట్టింది నేనే.

15 జూన్, ఆదివారం

బాపుకు ఏడు వరసలూ వచ్చేశాయి. ఒక్క తప్పు లేదు. ఈ వయసులో ఈ జ్ఞాపకశక్తి ఏమిటో. స్కేలు తీయాల్సిన పని రాలేదు.

17 జూన్, మంగళవారం, మధ్యాహ్నం 12.50

స్టాఫ్‌రూమ్. అక్షరాలు వంకరగా పడుతున్నాయి.

లంచ్‌లో గ్రెబ్ గురించి చదువుతున్నాను. 1921లో ఒక ఫైట్‌లో కంటికి దెబ్బ తగిలింది. కుడి కన్ను పోయింది. ఎవరికీ చెప్పలేదు. ఒక కన్నుతోనే ఇంకా ఐదేళ్లు కొట్లాడాడు. టైటిల్ గెలిచింది ఆ కన్ను పోయాకే. లోకానికి తెలిసింది ఆయన చనిపోయాక. అప్పటికి ముప్పై రెండేళ్లు.

మరి డాక్టర్లు ఎలా వదిలేశారు అనుకున్నాను. తర్వాతి వాక్యంలో ఉంది. కళ్ల పరీక్ష చార్టును బట్టీ పట్టేవాడట.

ఆ చార్టు ఎలా ఉంటుందో ప్రవీణ వీడియోలో చూపిస్తే బాగుంటుందని ఫోటో కోసం వెతికాను. వచ్చింది. పైన పెద్ద ఇ. కింద ఎఫ్ పి. కింద టి ఓ జెడ్.

పైకే చదివానట. పక్క టీచర్ ఏమైందంది. ఏమీ లేదన్నాను. ఏడు వరసలూ చూడకుండా చెప్పగలను. నేనే నేర్పాను కదా.

అదే రోజు, సాయంత్రం 5.30

బాపు మంచం మీద కూర్చుని అమ్మతో బస్సు టైర్ల గురించి మాట్లాడుతున్నాడు. నేను ఎడమవైపు నిలబడి, ఆయన చెంప పక్కన చెయ్యి చాచి వేళ్లు కదిపాను. టైర్ల గురించే చెబుతున్నాడు. ఇంకా దగ్గరికి తెచ్చాను. రెప్ప కూడా కొట్టలేదు.

అమ్మ చూసింది. నా వేళ్లను చూసి, నన్ను చూసి, తల వంచుకుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది. అమ్మకు తెలుసు.

మంచినీళ్ల గ్లాసు ఎప్పుడూ కుడిపక్కనే పెడుతుంది. నడిచేటప్పుడు గా దిక్కు కాదు, గీ దిక్కు రా బిడ్డా అని నన్ను కుడిపక్కకు లాగుతాడు. డిగ్రీ పట్టా తీసుకున్న రోజు నేను ఎడమపక్కనే నిలబడి ఉంటే, నా బిడ్డేది అని అందరినీ అడిగాడు. అందరం నవ్వాం. ఎడమ కనుబొమ్మ మీది మచ్చ చిన్నప్పుడు బాయిల పడ్డప్పటిదని చెప్పేవాడు.

ఇరవై ఆరేళ్లుగా ఆయన బిడ్డను.

22 జూన్, ఆదివారం

సిరిసిల్ల పోయి వచ్చాను. అంజయ్య మామ, అమ్మ తమ్ముడు, ఇంకా సాంచాలే నడుపుతున్నాడు. ఆ చప్పుడుకు అలవాటుపడి బయట కూడా అరిచినట్టే మాట్లాడతాడు. వీధిలో ఇద్దరు తిరిగి చూశారు. నేను అడిగింది ఒకటే, బాపు కన్ను ఎలా పోయిందని. ఎవలు చెప్పిన్రు నీకు అన్నాడు. ఒక బాక్సర్ చెప్పాడన్నాను. కోరుట్లల బాక్సర్లు గూడ మోపైన్రా అన్నాడు.

తర్వాత చెప్పాడు. సాంచాల అటు ఇటు ఉరికే నాడె ఎగిరచ్చి కంటికి తాకింది. ఒక్కటే దెబ్బ. రక్తం గూడ ఎక్కువ రాలె. కన్ను పైకి మంచిగనే ఉంది, లోపల నరం పోయిందన్నడు డాక్టర్. తెగిన పోగు కనవడనోన్ని సాంచా మీద ఎవలుంచుకుంటరు. గందుకే డ్రైవింగ్ నేర్చుకున్నడు, మస్కట్ అన్నడు. మెడికల్‌ల కండ్లు చూస్తరు. చదువు రానోళ్లకు వేరే చార్టుంటది, ఇ అక్షరం అటు ఇటు తిప్పి ఉంటది, దాని కాళ్లు ఏ దిక్కున్నయో చేత్తోని చూపియ్యాలె. డాక్టర్ కట్టె ఎక్కడ పెడ్తడో ఎవనికెరుక, గది బట్టీ పట్టరాదు. అక్షరాల చార్టయితె పైనుంచి కిందికి చదువుడే, బట్టీ పట్టచ్చు. ఏజెంట్ దగ్గర పనిచేసేటోడు కాగితం మీద రాసిచ్చిండు. నువ్వు చదువు చెప్పినవ్. నువ్వే పంపినవ్ బిడ్డా మీ బాపును మస్కట్‌కు.

మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. వీపు తట్టాడు కూడా.

పదకొండేళ్లు. బస్సు నిండా మనుషులు. ఆ పదకొండేళ్ల సంపాదనతోనే నా ఇంటర్, నా డిగ్రీ, నా బీఎడ్.

కథలాపూర్ రూటులో నలభై రెండు మంది పిల్లలు. అందులో తొమ్మిది మంది నా క్లాసు వాళ్లే. ఇప్పటికి ఇంకో రూటు డ్రైవర్ వాళ్లను తెస్తున్నాడు. దిగగానే కొందరు బస్సు ఎడమపక్క నుంచి ముందుకు పరుగెత్తుతారు. రోజూ చూస్తున్నాను, రోజూ తిడుతున్నాను. మేడంకు నేను చెబితే బాపు కోరుట్లలో తలెత్తుకుని తిరగలేడు. చెప్పకపోతే గురువారం ఆయన ఏడు వరసలూ తప్పు లేకుండా అప్పజెబుతాడు. పోయిన ఆదివారమే నేను సరిచూశాను.

24 జూన్, మంగళవారం

బాపుకు గ్రెబ్ కథ చెప్పాను. బస్సు సంగతి ఎత్తలేదు. స్క్రిప్ట్‌లో ఇలా రాస్తున్నాను, బాగుందా అని అడిగినట్టే చెప్పాను. కన్ను పోవడం, చార్టు బట్టీ పట్టడం, టైటిల్ గెలవడం, చనిపోయాక తెలియడం.

బాపు కింద చూస్తూ విన్నాడు. మరి గాయినకు గా అక్షరాలు ఎవలు చెప్పిన్రు అన్నాడు. పుస్తకాల్లో లేదన్నాను. ఎందుకు చెప్తున్నరో చెప్పినోళ్లకు ఎరుకనా అన్నాడు. తెలిసి ఉండదు అన్నాను.

అమ్మ కత్తెర చప్పుడు ఆగింది.

చివరికి బాపే అన్నాడు. గాయినకు దెబ్బ తాకితె గాయినకే కద బిడ్డా. ఎన్క ఎవలు కూసోలె.

లేచి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

26 జూన్, గురువారం, మధ్యాహ్నం 1.15

జగిత్యాల బస్టాండ్. బాపు టీ తేవడానికి పోయాడు. వెంటనే రాయకపోతే రాయలేననిపిస్తోంది.

లోపలికి నన్నూ రానిచ్చారు. బాపు స్టూల్ మీద. నేను గోడ పక్క బెంచీ మీద, ఆయనకు ఎడమవైపు. ఎదురుగా గోడకు చార్టు. పెద్ద ఇ.

అసిస్టెంట్ మామూలుగా అడిగాడు, చదువస్తదా అని.

బాపు మొత్తం తల తిప్పాడు, నేనెక్కడున్నానో దొరికేదాకా. నన్ను చూశాడు. మళ్లీ అటు తిరిగాడు.

రాదు సార్, అన్నాడు. నేను చదువుకోలె.

మిగతా అన్నింటికీ సిద్ధపడే పోయాను. అప్పజెబితే లేచి నిలబడాలని, డాక్టర్‌కు నేనే చెప్పాలని దారంతా అనుకుంటూనే ఉన్నాను. ఈ మాటకు సిద్ధంగా లేను.

చార్టు మార్చారు. అన్నీ ఇ లే, అటూ ఇటూ తిరిగినవి. ముందు ఎడమ కన్ను మూశారు. కట్టె ఎక్కడ పెడితే అక్కడ బాపు చెయ్యి టకటకా తిరిగింది, పైకి, కిందికి, పక్కకు, ట్రాఫిక్ ఆపినట్టు. తర్వాత కుడి కన్ను మూశారు. కట్టె పెట్టాడు. బాపు చెయ్యి ఒళ్లోనే ఉంది. ఏ దిక్కు అన్నాడు. ఏం కనవడ్తలేదు సార్. అన్నిటికంటే పెద్దదాని మీద పెట్టాడు. కట్టె గూడ కనవడ్తలేదు సార్.

డాక్టర్ రాయడం ఆపాడు. ఎన్నేండ్ల నుంచి అన్నాడు. పంతొమ్మిదేండ్ల సంది. మరి ఇన్నాళ్లు బస్సెట్ల నడిపినవ్ అన్నాడు. బాపు ఆలోచించి చెప్పాడు, మంది మంచోళ్లు సార్, తప్పుకున్నరు.

సర్టిఫికెట్ ఇవ్వలేదు. బయటికి వచ్చాక, మేడంకు నేనే చెప్త, నువ్వు చెప్పకు అన్నాడు. సరే అన్నాను.

టీ తెచ్చాడు.

1.40

టీ తాగుతూ, నన్ను చూడకుండా, మెల్లగా మొదలుపెట్టాడు. ఇ. ఎఫ్ పి. టి ఓ జెడ్. ఏడు వరసలూ చెప్పాడు. ఒక్క తప్పు లేదు. మర్చిపోలే బిడ్డా, అక్కడ ఊకనే అన్న, అన్నాడు.

చెయ్యి చాపాడు, అరచెయ్యి పైకి పెట్టి. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. తర్వాత స్కేలు గుర్తొచ్చి, ఆ చేతిలో నా ఖాళీ గ్లాసు పెట్టాను.

29 జూన్, ఆదివారం

లిస్ట్ పంపాను. మొదటి నియమం కొట్టేశాను. మోంజోన్ పదికి దిగాడు, హాగ్లర్ రెండుకు, ఐదో నంబర్ మూడుకు వచ్చారు. గ్రెబ్‌ను నాలుగులోనే ఉంచాను, ఆయన కింద ఒక వాక్యం పెరిగింది: అక్షరాలు నేర్పింది ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. బాక్సింగ్‌కు సంబంధం లేదు, తీసేస్తా అంది ప్రవీణ. తీస్తే మొత్తం తీసెయ్ అన్నాను.

సాయంత్రం బాపుతో మార్కెట్ దాకా నడిచాను. ఎడమపక్క. మూడుసార్లు నా కాలు తొక్కాడు. మూడుసార్లూ, ఈ పక్కనున్నా బాపూ అని చెప్పాను.