గది ఖాళీ చేసేదెప్పుడు?

పామ్ స్ప్రింగ్స్,
జూలై నెల.

చిరంజీవి కొరిన్‌కి నాన్న దీవెనలు.

మీ అమ్మా నేనూ ఇక్కడ బాగానే ఉన్నాం, అంటే ఈ ఎడారి ఎండకి మాడిపోకుండా మిగిలే ఉన్నాం. అక్కడ నువ్వూ అల్లుడూ పిల్లలూ కులాసా అని తలుస్తాను.

వేడి గురించి అడిగావు. కారు స్టీరింగు ముట్టుకోవాలంటే గ్లౌజులు కావాలి. మిన్నెసోటా మంచులో వేసుకున్నవే, పారేయమని మీ అమ్మ ఎంత పోరినా దాచాను, ఇప్పుడు అక్కరకొచ్చాయి. చలికాలానికి వచ్చి దిగే జనమంతా ఎప్పుడో వాళ్ళ ఊళ్ళకి పోయారు. మా వరసలో సగం తలుపులకి తాళాలే. సాయంత్రం కొండ నీడ స్విమ్మింగ్ పూల్ మీద పడ్డాక బయటికొచ్చి కూర్చుంటాం. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఈ పొడిగాలికి బాగా తగ్గాయి. తిండే సరిగ్గా ముట్టదు. ఖర్జూరం మిల్క్‌షేక్ అయితే మాత్రం గ్లాసు అడుగు కనబడేదాకా వదలదు.

అమ్మ ఎందుకు రాయడం లేదని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. నేను దాటేస్తూ వచ్చాను.

మేం అద్దెకుంటున్న ఈ ఇల్లు ఒకప్పుడు మోటెల్ కదా. గదికో వంటగట్టు కలిపి అపార్ట్‌మెంట్ అన్నారు గానీ, తలుపుల మీద నంబర్లు తియ్యలేదు, తాళంచెవులకి ఆ పాత బిళ్ళలే ఉన్నాయి. కొత్తలో అది మాకు నవ్వులాటగా ఉండేది. చలికాలం పోయేసరికి మీ అమ్మకి అది నిజమైపోయింది. పొద్దున్నే పెట్టె సర్ది మంచం మీద పెట్టి, గది ఖాళీ చేసేదెప్పుడని అడుగుతుంది. రేపు అంటాను. ఆమె కునుకు తీసినప్పుడు బట్టలన్నీ మళ్ళీ బీరువాలో పెడతాను. బిల్డింగ్ చూసుకునే ఒఫేలియా కూడా ఈ నాటకంలో చేరిపోయింది. తువ్వాళ్ళు మడిచి తెచ్చి, ఇంకేమైనా కావాలా మేడమ్ అంటుంది. గుమ్మం దాటగానే నన్ను పట్టుకుంటుంది.

"మీ అమ్మాయికి ఎప్పుడు చెబుతారు పెద్దాయనా? ఆ పిల్లకి తల్లి కాదా?"

అసలు సంగతి ఇంకా ఉందమ్మా. రాయడానికి చెయ్యి రావడం లేదు.

మే నెలలో ఒక సాయంత్రం నేను గుమ్మం ముందు కుర్చీలో కూర్చున్నాను. మీ అమ్మ శుభ్రంగా తల దువ్వుకుని, లిప్‌స్టిక్ వేసుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"చూడండి, మా ఆయన పూల్‌కి వెళ్ళి ఇంకా రాలేదు. వస్తే గది తాళం ఇచ్చేస్తారా?"

ఆట పట్టిస్తోందేమో అనుకున్నాను. ఆ మొహంలో ఆటేమీ లేదు. అలాగేనమ్మా, ఆయన ఎలా ఉంటారని అడిగాను. పొడుగ్గా ఉంటాడట, నల్లటి ఒత్తు జుట్టట, చెవులు మాత్రం కాస్త పెద్దవట. జుట్టు ఎలాగూ లేదు, చెవులన్నా చూపిద్దామని టోపీ తీశాను. జాలిగా చూసింది.

"మీరు కూడా జుట్టు జాగ్రత్తగా చూసుకోవాల్సిందండీ," అంది.

నవ్వొచ్చింది కొరిన్. ఆ తర్వాత బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అప్పట్నుంచి నేను మోటెల్ గుమాస్తాని. నేను పెట్టిన అన్నం తింటుంది, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంది, థాంక్స్ చెబుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకిన్ని థాంక్సులు ఎన్నడూ దక్కలేదు.

అద్దె ఒప్పందం ఈ నెలతో అయిపోతుంది కదా, ఇక పొడిగించొద్దు, మీ ఇద్దరికీ మా ఊళ్ళో వృద్ధాశ్రమంలో గది చూశానని రాశావు. నీ మంచితనం నాకు తెలుసు. కానీ నిన్న ఒఫేలియా ముందు కూర్చుని ఇంకో ఏడాదికి సంతకం పెట్టేశాను. స్వార్థమంటావా, అనుకో. ఇక్కడైతే ఆమె నాకోసం ఎదురుచూస్తోంది. చీకటి పడితే, ఆయన చీకట్లో తడుముకుంటాడు, వరండా లైటు ఆపకండి అని చెబుతుంది. నల్లజుట్టు వాడికోసమైతేనేం, అది నేనే కదా. ఈ పూల్, ఈ నంబరు తలుపు లేనిచోట ఆమె ఇంకెవరికోసం చూస్తుంది?

ఆగస్టులో వస్తానన్నావు, తప్పకుండా రా. పెట్టె చేత్తో పట్టుకునే తలుపు తట్టు. పక్క గదిలో దిగానని చెప్పు. అమ్మా అనకు, కంగారు పడుతుంది. కొత్తవాళ్ళంటే ఆమెకి ఇష్టం, కూర్చోబెట్టి కబుర్లు చెబుతుంది. తనకో కూతురుందని, జడ వేస్తుంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదని, ఎంత ఏడ్చినా ముద్దొచ్చేదని చెబుతుంది. నాకు రోజూ చెబుతోంది. అడ్డు చెప్పకుండా విను తల్లీ. ఏడుపొస్తే కుళాయి తిప్పుకో.

ఇట్లు,
పూల్ నుంచి ఇంకా తిరిగిరాని
మీ నాన్న