చెయ్యేట్లో గడ్డిబొమ్మ

రాజంపేట, 1934. తపస్సు కాలం, ఐదో ఆదివారం.

కాన్వెంటు సిస్టర్ ఆగ్నెస్ గారు చావును ఊరి నుంచి సాగనంపే తమ చెక్ దేశపు పల్లె ఆచారాన్ని ఈ సాయంత్రం మాతో చేయించారు. చావు అని పేరు పెట్టి గడ్డిబొమ్మ కట్టి, వాళ్ల పాట పాడుకుంటూ ఏటికి మోసుకెళ్లాం. దాన్ని నీళ్లలో వదిలాక వెనక్కి చూడకూడదు. చూసినవాళ్లు ఏడాదిలోగా పోతారట. ఈ ఎండల్లో చెయ్యేట్లో నీళ్లెక్కడివి? ఇసుకలో పడుకోబెట్టి వచ్చాం.

గట్టెక్కాక చెల్లెలు మేరీ తిరిగి చూసింది.

"అక్కా, అది లేసి కూర్చోనుండాది."

"ఊరుకోవే. గాలికి కదిలింటుంది."

"గాలి యాడుండాది? నువ్వు చూడవులే, పిరికిదానివి."

చూసినవాళ్లు పోతారన్న మాటకు మేరీనొక్కదాన్నే వదిలేయలేక నేనూ తిరిగి చూశాను. ఇసుక మీద మా అడుగులున్నాయి. బొమ్మ లేదు.

ఆ సంగతి చెప్పలేదు. "ఇద్దరమూ చూసినాంలే, ఇంక భయమెందుకు" అన్నాను.