నానమ్మను వదినా అని పిలువు

కిషన్‌బాగ్

బంగారు తల్లి అమలకు, మీ బాపు మొగులయ్య వెయ్యి దీవెనలతో రాస్తున్నది.

నువ్వు బర్ల కొట్టంలో మాయమైన నాటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఇయ్యాల ఆ కొట్టం గోడ గూట్లోనే నీ కార్డు దొరికింది. ఈ జవాబు కూడా ఆ గూట్లోనే పెడుతున్న. 1958లో, నన్ను కన్న మా అమ్మ రుక్మాబాయి ఇంట్లో క్షేమంగా ఉన్నవట! సంతోషం పట్టలేక వాడకట్టంతా నీళ్ళు కలపని పాలు ఊరికే పోసిన.

నువ్వు నానమ్మా అంటే, "ఏంది పిల్లా, నీకంటే చిన్నదాన్ని, ముసలిదాని లెక్క కనబడుతున్ననా?" అని లొల్లి చేసిందా? మస్తు నవ్విన. పందొమ్మిదేండ్ల మనిషి మరి! వదినా అని పిలువు, కోపం దిగుతది. ఉయ్యాలలో ఉన్నది నేనే. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకోకు, చేతులకు అలవాటు పడుత.

ఒక్క పని చెయ్యి తల్లీ. శ్రావణంలో మా అమ్మకు జ్వరం వస్తది. మావాళ్ళు మంత్రాలేయిస్తూ కూర్చొని ఆమెను పోగొట్టుకున్నరు. నువ్వు మొదటి రోజే దవాఖానకు తీసుకపో. ఎవరడ్డమొచ్చినా ఆగకు.

కుంకుడుకాయతో నీ జుట్టు చిక్కు పడుతున్నదా అని మీ అమ్మ అడుగుతున్నది.

మా అమ్మ మొహం నాకు యాదికి లేదు. ఎట్లుంటదో రాయి. ఆమెకు నా దండాలు చెప్పు. ఎవరాయన అంటే, మా బాపు, నిన్ను చూడాలని పుట్టినకాడి నుంచి ఆశపడుతున్నడు అని చెప్పు.