హెలెన్ టీచర్‌ను మళ్ళీ పరీక్షించాలని

జిల్లా దివ్యాంగుల సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

కోరుకొండ మండల వాస్తవ్యుడు, రైస్‌మిల్లు గుమాస్తా, కొల్లాబత్తుల సుకుమార్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ప్రమాదంలో మెదడుకు దెబ్బ తగిలిన నా భార్య హెలెన్‌కు ఇచ్చిన ముప్పై శాతం వైకల్య ధ్రువపత్రమును పునఃపరిశీలించుట గురించి, సదరు ముప్పై శాతమునకు నేనే కారకుడనని ఒప్పుకొనుట గురించి.

1. నా భార్య వయస్సు నలభై ఒకటి. పద్నాలుగేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగు, అయిదు తరగతులకు లెక్కలు చెప్పినది. 2023 జూలైలో స్కూలు నుంచి వస్తుండగా ఆటో తిరగబడి, కల్వర్టు గోడకు తల తగిలినది. పందొమ్మిది రోజులు స్పృహ లేదు. ఆపరేషను ప్రభుత్వ పథకం కిందనే జరిగినది. ఆమె బ్రతికినది. అందుకు నేను, నా కుమార్తె సారిక ఎప్పటికీ కృతజ్ఞులము.

2. కుట్లు విప్పి పంపించేటప్పుడు ఏవో మాత్రలు రాసిచ్చారు, అంతే. ఆ తర్వాత ఏం చేయాలో, ఎవరి దగ్గరకు వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు. తప్పు ఎవరిదనీ అనను, వాళ్ళకూ తెలియదేమో. విశాఖపట్నంలో ఇలాంటివారికి మాట, మతి మెరుగుపరిచే శిక్షణ ఇస్తారని తెలిసి రెండుసార్లు తీసుకువెళ్ళాను. రెండోసారి తునిలో రైలు ఆగితే, నేను నీళ్ళ సీసా నింపుకొచ్చేలోగా దిగిపోయింది. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద, ఎవరో తెలియని పిల్లలకు భాగహారం చెబుతూ దొరికింది. మూడోసారి తీసుకువెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

3. అయ్యా, ఆమెను చూస్తే ఏ లోపమూ కనపడదు. నడుస్తుంది, నవ్వుతుంది, ఇస్త్రీ చీర కట్టుకుంటుంది. కానీ పావుగంట క్రితం జరిగింది గుర్తుండదు. వాసన తెలియడం పూర్తిగా పోయింది. కోపం వస్తే ఆపుకోలేదు. రోజూ పొద్దున్నే తయారై, "ఫస్ట్ బెల్ అయిపోతుందండీ" అని గుమ్మం దాటబోతుంది. నిరుడు మార్చి నెలలో ఒకరోజు సారిక అడ్డు నిలబడితే చేతిలో ఉన్న స్టీలు గ్లాసుతో కొట్టింది. పిల్ల నుదుటిమీద నాలుగు కుట్లు పడ్డాయి. ఆ మధ్యాహ్నం ఆ కట్టు చూసి తల్లే దగ్గరకు తీసుకుని, "ఎవరు కొట్టారే నిన్ను? పేరు చెప్పు, వాళ్ళ నాన్నగారిని పిలిపిస్తాను" అంది. సారిక నా వంక చూసింది. "పడిపోయానమ్మా" అంది.

4. ఇక ధ్రువపత్రం సంగతి. ఈ ఏడాది ఫిబ్రవరి పద్దెనిమిదిన రాజమహేంద్రవరంలో క్యాంపు ఉందని కబురు వచ్చింది. డాక్టర్లు ప్రశ్నలు అడుగుతారని చెప్పగానే నా భార్య, "పరీక్షా? అయితే చదువుకోవాలి కదండీ" అంది. అంతకు వారం ముందే గ్రామ సచివాలయంలో వయస్సు అడిగితే ఈమె చెప్పలేకపోయింది. వరుసలో వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. ఈమె ఇంటికొచ్చి కారణం గుర్తులేకుండానే ఏడ్చింది. మళ్ళీ అలా జరగకూడదనిపించింది. అందుకని ఎనిమిది రోజులు నేనే కూర్చోబెట్టి చదివించాను. పేరు, వయస్సు, ఊరు, జిల్లా, క్యాంపు రోజు తేదీ, వారం. రోజుకు యాభైసార్లు చెప్పించాను. ఆఖరి రోజు బస్సులో కూడా చెప్పించాను.

ఇది దాచవలసిన సంగతి. అయినా దాచితే ఈ అర్జీకి అర్థం ఉండదు కనుక వ్రాస్తున్నాను.

5. డాక్టరు గారు చాలా మర్యాదస్తులు. బయట వందమంది ఎదురుచూస్తున్నా విసుక్కోలేదు.

"అమ్మా, ఈ రోజు ఏ వారం?"

"మంగళవారమండి. ఫిబ్రవరి పద్దెనిమిది."

"ఏం చేసేవారు?"

"లెక్కల టీచర్నండి."

"అలాగా! అయితే పదిహేడు ఆర్లు ఎంతండి?"

"నూట రెండు" అని ఊరుకోలేదు. పదిహేడో ఎక్కం మొదటినుంచీ అందుకుని, ఇరవై దాకా ఎక్కడా ఆగకుండా అప్పజెప్పింది. పక్కనున్న నర్సు గారు చప్పట్లు కొట్టారు. "మీరే మా పిల్లలకి ట్యూషన్ చెప్పేలా ఉన్నారే" అన్నారు డాక్టరు గారు. తర్వాత నావైపు తిరిగి, "ఇంట్లో ఇబ్బందేమైనా ఉందాండీ?" అని అడిగారు.

అడిగారయ్యా. అడగలేదని నేను అనలేను. అప్పుడు నా భార్య నా ముఖంలోకి చూస్తోంది, మార్కులు చెప్పబోయే టీచరును పిల్ల చూసినట్టు. ఆమె ఎదురుగా నేను గ్లాసు సంగతులు, పక్క తడిపే సంగతులు ఎలా చెప్పను? "కొంచెం మరుపండి" అన్నాను. అంతే అన్నాను.

బయటకు రాగానే "పాసయ్యానా అండీ?" అని అడిగింది. "ఫస్ట్ క్లాసు" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ సంతోషంగానే ఉంది. బస్సు కోరుకొండ చేరకముందే, "మనం ఎక్కడికెళ్ళొస్తున్నామండీ?" అంది.

6. ధ్రువపత్రంలో ముప్పై శాతమని వచ్చినది. నలభై ఉంటే తప్ప ఏ సహాయానికీ అర్హత లేదని చెప్పారు.

7. ఏప్రిల్‌లో సారిక కాలేజీకి, నేను మిల్లుకు వెళ్ళిన వేళ ఈమె గ్యాసు తిప్పి, వెలిగించడం మరచిపోయి, ఆ గదిలోనే కూర్చుంది. పక్కింటి వీరదుర్గ గారు వాసన పసిగట్టి, పరుగున వచ్చి కట్టేశారు. "ఏం వాసనండీ?" అని ఈమె అడిగిందట. ఆ మర్నాటి నుంచి సిలిండరు తీయించి, ఇంటికి బయట తాళం వేసి వెళ్ళడం మొదలుపెట్టాను.

8. దాని మీద ఎవరో ఫిర్యాదు చేయగా మహిళా పోలీసు గారు వచ్చారు. ఆమె డ్యూటీ ఆమె చేశారు.

"ఏవండీ, ఆవిణ్ణి లోపల పెట్టి తాళం వేస్తున్నారంట?"

నేను ధ్రువపత్రం చూపించాను.

"ఇందులో ముప్పై శాతమే కదండీ ఉంది. ఇంతమాత్రానికి మనిషికి తాళం వేస్తారా?"

ఇంతలో కిటికీలోంచి నా భార్య, "ఆయన్నేమీ అనకండి, పాపం. తాళంచెవి నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయాను" అంది.

ఆ రోజునుంచి తాళం వేయడం లేదు. బదులుగా సారిక కాలేజీ మానేసింది. ఇంటర్ రెండో సంవత్సరం. వద్దంటే, "మరి నువ్వు మిల్లు మానేస్తావా నాన్నా?" అంది.

కావున తమరిని కోరుకొనునవి:

(అ) నా భార్యను మరల పరీక్షింపజేయవలెను. పది నిమిషాలు కాదు, ఒక పగలంతా. వీలైతే మా ఇంట్లోనే. ఆమె వినకుండా నన్ను, సారికను వేరేగా అడగవలెను.

(ఆ) తలకు దెబ్బ తగిలినవారికి శిక్షణ ఇచ్చేవారిని వారానికి ఒక్కరోజైనా మన మండల ఆసుపత్రికి పంపవలెను. మా చుట్టుపక్కలే ఇలాంటివారు మరో ముగ్గురున్నారు. ముగ్గురూ మోటారు సైకిళ్ళ మీంచి పడ్డవాళ్ళే. ఒకతన్ని తాగుబోతని అనుకుంటారు. అతను తాగడు.

(ఇ) పగటిపూట ఇలాంటివారిని కనిపెట్టుకుని ఉండే చోటు ఒకటి ఏర్పాటు చేయవలెను. అలా అయితే సారిక కాలేజీకి వెళుతుంది.

(ఈ) ఇవేవీ సాధ్యం కాకపోతే, తమ కార్యాలయం ముద్రతో ఒక చిన్న కార్డు ఇప్పించవలెను. "ఈమె తలకు దెబ్బ తగిలినది. కోప్పడవద్దు" అని ఉంటే చాలు. మొన్న బజారులో ఈమె అరటిపళ్ళ అత్తం తీసుకుని, డబ్బులివ్వడం మరచి నడిచి వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకుని లాగారు. గాజులు పగిలాయి.

నేను పిల్లలను మోసం చేయని టీచరుకు పరీక్షలో మోసం నేర్పినవాడిని. శిక్ష వేయదలిస్తే నాకు వేసి, ఆమె కాగితం మాత్రం సరిచేయించవలెనని, ఒక్క పూట తీరిక చేసుకుని ఇదంతా చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కొల్లాబత్తుల సుకుమార్
11-8-2025, సోమవారం

తా.క.: అయ్యా, ఈ అర్జీ నిన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక వ్రాసి, సంతకం చేసి, ఈ రోజు తేదీ వేసి, బల్ల మీద ఉంచాను. స్నానం చేసి వచ్చేసరికి నా భార్య కూర్చుని చదువుతోంది. లాక్కోవడానికి చెయ్యి రాలేదు. మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా చదివింది.

"ఇవన్నీ నేనే చేశానా అండీ?"

రెండేళ్ళుగా ఏదో ఒకటి చెప్పి మభ్యపెడుతూ వచ్చాను. నిన్న మాత్రం, "అవును హెలెన్" అన్నాను.

"సారికని కొట్టింది కూడా?"

"అవును."

మూడో అంశం మళ్ళీ ఒకసారి చదివింది. తర్వాత, "అయితే నేను కూడా సంతకం పెట్టాలి కదండీ" అని పెన్ను తీసుకుని కాగితం అట్టడుగున పెట్టింది. సారిక కాఫీ తెచ్చింది. తాగి, గ్లాసు పక్కన పెట్టి, కాగితం దగ్గరకు లాక్కుని, "ఈ దస్తూరీ ఎవరిదండీ, బాగుంది" అంది.

సంతకం అలాగే ఉంచాను. అర్జీదారులు ఇద్దరని గమనించ ప్రార్థన.

కె. హెలెన్, లెక్కల టీచరు