తప్పు నాదేనన్న మాట

ఆగస్టు 12, మంగళవారం.
ఇవాళ్టి పనులు: బట్టలు ఉతికాను. మేకలకు గడ్డి కోశాను. పొగాకు తట్టలు రెండుసార్లు ఎండకు తిప్పాను. వంటింటి రేకు మార్చడం మిగిలింది.

సెకార్ వాళ్ళ నాన్నగారికి,

సలాములు. నేనూ, సెకార్, అత్తమ్మ దేవుడి దయవల్ల కులాసాగా ఉన్నాం. ఈ కొండచలికి అత్తమ్మ మోకాళ్ళు మాత్రం మాట వినడం లేదు. అక్కడ మీకు ఒక్క దుప్పటి సరిపోతోందని రాశారు. నేను నమ్మలేదు. ఉత్తరం తెస్తున్న మా తమ్ముడి చేతికి ఇంకొకటి ఇచ్చాను, మొహమాటపడకుండా కప్పుకోండి.

సెకార్ చదువు మానిపించాలా అని అడిగారు. అక్కర్లేదు. పొగాకు కోతలు నడిచినన్నాళ్ళు నాకు పని ఉంటుంది. నల్లమేక ఈనింది, రెండూ పెంటి పిల్లలే. మీ పేరు చెప్పి అత్తమ్మ తల్లిమేకకు బెల్లం కూడా పెడుతోంది.

లారీ యజమాని హర్జోకో గారు ఏమన్నారని అడిగారు. ఆయనే మన ఇంటికి వచ్చారు. టీ ముట్టుకోలేదు. డ్రైవరే తప్పు ఒప్పుకున్నాక తానేం చేయగలనన్నారు. పోలీసు స్టేషన్ ఆవరణలో ఉన్న లారీని విడిపించి, బాగుచేయించి, మళ్ళీ రోడ్డెక్కిస్తారట. బ్రేకు సరిగా పడటం లేదని బయలుదేరే ముందే మా ఆయన మీకు చెప్పారు కదా అని అడిగాను.

"చెప్పాడే అనుకో, ఎవరు విన్నారమ్మా?" అన్నారు.

ఆయన వెళ్ళాక వంట చేయబుద్ధి కాలేదు. లారీ బాగుపడిపోతే ఆ రోజు బ్రేకు ఎలా ఉందో ఇంకెవరు చూస్తారు? జైలు మీకు, లారీ ఆయనకు.

ఇక మీకు కోపం వచ్చే సంగతి. లారీ ప్రమాదంలో దెబ్బ తిన్న టుగిమాన్ గారి గడప తొక్కవద్దని మీరు ఒకటికి రెండుసార్లు రాశారు. వెళితే తప్పు మనదేనని మళ్ళీ ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డారు. నేను వెళ్ళాను. రెండు వారాల కిందట, శుక్రవారం నమాజు అయ్యాక, అత్తమ్మకు కూడా చెప్పకుండా వెళ్ళాను.

ఆయన కాలికి కట్టుతో చాప మీద ఉన్నారు. నేనెవరో చెప్పగానే ఆయన భార్య లాస్మి గారు లోపలికి వెళ్ళిపోయారు. తిడతారేమోనని తల వంచుకు కూర్చున్నాను. ఆవిడ టీ పట్టుకొచ్చారు. తప్పు నాదేనన్న మాట మీరు ఆ రోజు ఎందుకన్నారో చెప్పబోయాను. టుగిమాన్ గారు చెప్పనివ్వలేదు.

"నాకు చెప్తావేంటమ్మా? వాలు పొడుగునా హారన్ కొడుతూ, బ్రేకు పోయింది తప్పుకోండని అరుస్తూ వచ్చాడు. లారీని పొగాకు చేలోకి తిప్పాడు కాబట్టే బతికాను. లారీ వెనక కొస తగిలి నా టోఫూ బండి పోయింది, కాలు విరిగింది. దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని, తప్పు నాదే మన్నించండి అన్నాడు. నేనూ అన్నాను. బండి రోడ్డు మీదకు పెట్టాను, తప్పు నాదే తమ్ముడూ అని. పోలీసులు అతని మాట రాసుకున్నారు, నా మాట రాయలేదేం?"

లాస్మి గారు ముక్కు చీదుకుని, "ఆ రోజు నీ మాట రాసి ఉంటే నిన్నూ తీసుకుపోయేవాళ్ళు. నాకు కాస్త మనశ్శాంతిగా ఉండేది" అన్నారు.

మర్నాడు ఆయనే కబురుపెట్టి, కేసు చూస్తున్న అధికారిని ఇంటికి పిలిపించారు. ఆ అధికారిది మేదాన్ వైపు, మన వైపు మర్యాదలు తెలియవు. తప్పు చేయకుండా తప్పు నాదేనని ఎవరైనా అంటారా అని అడిగాడట.

"ప్రతి పండక్కీ మా కోడలు ఆనవాయితీగా మా ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని అదే మాట అంటుంది. దాన్నీ లోపలేస్తారా?" అన్నారట టుగిమాన్ గారు.

అధికారి నవ్వలేదట గానీ, హారన్ సంగతి, అరుపుల సంగతి అంతా రాసుకున్నాడు. లారీని వదలవద్దని చెప్పి, రవాణా శాఖ వాళ్ళతో చక్రాలు విప్పించాడు. బ్రేకు లైనింగులు అరిగి ఇనుము తేలి ఉన్నాయట. లారీలోని సిమెంటు బరువు కూడా ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువట. ఇప్పుడు హర్జోకో గారినీ ముద్దాయిగా చేర్చారు. నష్టపరిహారం కూడా ఆయనే కట్టుకోవాల్సి రావచ్చట.

మీ మీద కేసు పూర్తిగా పోలేదు. బ్రేకు బాగోలేదని తెలిసీ లారీ ఎక్కినందుకు మీరూ జవాబు చెప్పాలన్నారు. అది నాకూ సబబుగానే అనిపించింది, ఏమీ అనుకోకండి. అయినా టుగిమాన్ గారి వాంగ్మూలం చూశాక, విచారణ అయ్యేవరకు మిమ్మల్ని ఇంటికి పంపవచ్చని మన లాయరమ్మ అంటోంది. వచ్చే వారం అడుగుతుందట. ఆమె ఊరికే ఆశపెట్టే మనిషి కాదు.

వచ్చాక ముందు తమ ఇంటికే రమ్మన్నారు టుగిమాన్ గారు. ఈసారి పక్కన పోలీసులు లేకుండా, తీరిగ్గా కూర్చుని, ఒకరికొకరు క్షమాపణ చెప్పుకోవాలట. ముందు తానే చెబుతానని పట్టుబట్టారు. నేను సరేనన్నాను.

ఆ శుక్రవారం వాళ్ళింటికి ఉత్త చేతులతో ఎలా వెళ్ళనని పక్కింటి మూర్ని గారి దగ్గర బియ్యం, పంచదార చేబదులు తీసుకున్నాను. ఇవాళ పొద్దున కొలిచి ఇచ్చేశాను. ఆ బాకీ తీరింది.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
సెకార్ వాళ్ళమ్మ